క్యారవాన్‌లో సహజ నటన

బాత్రూమ్ తలుపు పిడి ఊడి హీరోయిన్ చేతిలోకి వచ్చింది.

ఆమె పిడిని చూసింది. తలుపును చూసింది. మళ్ళీ బిగించబోతే లోపలి ఇనుప ముక్క కాస్తా అవతలి వైపు పడిపోయింది. క్యారవాన్‌లో తను ఒక్కతే ఉంది. ఫోను బయట అద్దం ముందు ఉంది. అక్కడ సెట్లో లైట్లన్నీ వెలిగించి యూనిట్ మొత్తం తన కోసం కాచుకుని ఉంది.

కాచుకున్నది ఆషామాషీ సీన్ కోసం కాదు. కథలో ఆమెను గదిలో పెట్టి తాళం వేస్తారు. తలుపు తీయమని ఆమె ఏడవాలి. ఈ సినిమా ఒప్పుకున్నదే ఆ ఒక్క సీన్ కోసం. నిన్న పొద్దస్తమానం ఏడ్చినా దర్శకుడికి నచ్చలేదు. నిజంగా ఇరుక్కున్నవాళ్ళు అలా ఏడవరన్నాడు. ఇవాళ కూడా కుదరకపోతే సీన్ మార్చి, చెల్లెలి వేషం వేస్తున్న కొత్తమ్మాయిని ఆ గదిలో పెట్టి తాళం వేయిస్తానని నిర్మాత ఎదుటే తేల్చి చెప్పాడు.

ముందు ఆమె తనకు అలవాటైన మార్గమే ఎంచుకుంది. సినిమాల్లో ఎన్నో తలుపుల్ని ఒక్క తన్నుతో బద్దలు కొట్టిన కాలెత్తి, ఇక్కడా ఒకటి తన్నింది. అవన్నీ అట్టముక్కలన్న సంగతి బొటనవేలికి అప్పుడు గుర్తొచ్చింది.

ఒంటికాలి మీద నిలబడి గట్టిగా కేకేసింది. "ఎవరక్కడ? తలుపు తీయండి."

క్యారవాన్ గోడ పల్చన. మెట్ల దగ్గర నిలబడ్డ మేకప్ అక్క, అసిస్టెంట్ డైరెక్టర్ మాటలు ఆమెకు చక్కగా వినిపిస్తున్నాయి. రిహార్సల్ మొదలైందని అసిస్టెంట్ అన్నాడు. ఇప్పుడు తలుపు తట్టావంటే ఉద్యోగానికి నీళ్ళొదులుకోవడమేనని మేకప్ అక్క హెచ్చరించింది.

ఆ రూలు పెట్టింది తనే. రిహార్సల్లో ఉండగా లోపలికొచ్చాడని పోయిన సినిమాలో ఒకణ్ణి కాఫీ కప్పుతో సహా బయటికి పంపింది. కప్పు ముందు వెళ్ళింది, అతను తర్వాత వెళ్ళాడు.

"రిహార్సల్ కాదు అక్కా, నిజంగానే ఇరుక్కుపోయాను."

"ఆ డైలాగు స్క్రిప్టులో లేదే," అన్నాడు అసిస్టెంట్.

"అమ్మ సొంతంగా కలుపుతుంటుందిలే," అంది మేకప్ అక్క.

ఇలా కాదని ఆమె గొంతు తగ్గించింది. తగ్గించడం అలవాటు లేని గొంతు కావడంతో అది మధ్యలో రెండుసార్లు జారింది. "బాబూ, నీకు దణ్ణం పెడతాను. నాయనా, కాస్త తలుపు తియ్యవూ."



"ఇది మాత్రం అస్సలు నమ్మబుద్ధి కావట్లేదక్కా," అన్నాడు అసిస్టెంట్. "మేడమ్ దణ్ణం పెట్టడమేంటి?"

ఇంతలో దర్శకుడి దగ్గు వినిపించింది. ఆమె ప్రాణం లేచొచ్చింది. మిగతావాళ్ళ సంగతెలా ఉన్నా అతనికి కాస్త బుర్రుంది. ఇక ఏదీ దాచుకోలేదు. తలుపును రెండు చేతులా బాదింది. అమ్మను తలుచుకుంది. ఆ తలుపు చేసినవాణ్ణి, వాడి ఏడు తరాలనూ తలుచుకుంది. గ్లిజరిన్ చుక్క లేకుండా వెక్కివెక్కి ఏడ్చింది.

దర్శకుడు అంతా విన్నాడు.

"నిన్నటికంటే ఘోరం," అని నిట్టూర్చాడు. "ఒక్క ముక్కలోనూ నిజం లేదు. ఆ చెల్లెలమ్మాయిని రెడీ అవమనండి."

హీరోయిన్ తలుపు బాదడం ఆపింది. మెల్లగా వెళ్ళి కమోడ్ మూత మీద కూలబడింది. ఇన్నేళ్ళు నటించి నటించి, నిజంగా ఏడ్చినా దొంగేడుపులా వినిపించే స్థాయికి చేరుకుందన్నమాట. అవార్డులన్నీ దీనికే ఇచ్చారు కాబోలు. తనమీద తనకే నవ్వొచ్చింది. ఆ నవ్వు కూడా ఎప్పుడో ఏదో సినిమాలో నవ్వినట్టే ఉంది. అది కూడా మానేసి, పిడి ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంది.

బయట మేకప్ అక్క గాభరా పడింది. "అమ్మ గొంతు వినపడట్లేదేంటి? నిద్రలో కూడా ఎవర్నో ఒకర్ని తిడుతూనే ఉంటుందే."

అంతే. మెట్ల మీద అడుగులు దబదబలాడాయి. ఎవరో భుజంతో గుద్దారు. తలుపు చట్రంతో సహా ఊడొచ్చింది.

కాటుక చెంపల దాకా కారి, తల వంచుకుని, చేతిలో పిడితో కూర్చున్న మనిషిని చూసి దర్శకుడు రెండు చేతులూ అడ్డంపెట్టి అందర్నీ ఆపాడు. జుట్టు ముట్టుకోవద్దని, మొహం తుడవొద్దని, ఉన్నదున్నట్టుగా సెట్లోకి రమ్మని బతిమాలాడు.

సెట్లో గదికి తాళం పడింది. ఆమె అరవలేదు. తలుపు బాదలేదు. తల వంచుకుని, తన చేతుల వంక చూసుకుంటూ అలా కూర్చుంది. కెమెరా నడుస్తూనే ఉంది. దర్శకుడు కట్ చెప్పేసరికి మేకప్ అక్క కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. లైట్‌మన్ నిచ్చెన మీదే కళ్ళొత్తుకుంటున్నాడు. ఖర్చుకు తప్ప దేనికీ కన్నీళ్ళు పెట్టని నిర్మాత లేచి నిలబడ్డాడు.

దర్శకుడు పరుగున వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఒక్క టేక్ మేడమ్. నా జన్మలో ఇలాంటి షాట్ తియ్యలేదు."

మూలన మేకప్ వేసుకుని సిద్ధంగా నిలబడ్డ కొత్తమ్మాయికి కూడా వినపడాలని ఆమె గట్టిగా అడగబోయింది. బాత్రూమ్‌లో అరిచి అరిచి అరిగిపోయిన గొంతులోంచి పిల్లికూత లాంటిదేదో బయటికొచ్చింది. "అయితే సీన్ నాదేనా?"

"మీదే మేడమ్. ఒక్క ఫ్రేమ్ కత్తిరిస్తే ఒట్టు," అని చేతిలో చెయ్యేసి, అతను కొత్తమ్మాయి వైపు తిరిగాడు. "చూడమ్మా, ఇంత నిశ్శబ్దంగా వదిలేస్తే జనం హాల్లో సౌండ్ పోయిందనుకుంటారు, మేడమ్ గొంతా పోయింది, తల వంచుకునే ఉన్నారు కాబట్టి పెదాలు కలిపే పని కూడా లేదు, ఆ ఏడుపేదో డబ్బింగ్‌లో నువ్వు ఏడ్చెయ్."