పెదాల వంక చూపు

అరవై దాటాక అక్షరాలు దిద్దుకున్న చేయి ఇది. రాత నెమ్మది, ఒత్తులు తప్పుతాయి. సర్దుకుని చదవండి.

చెవి డాక్టరు గది బయట కూర్చున్న దర్జీ ఆవిడకి కాలు ఒకచోట నిలవడం లేదు.

పక్కన నాలుగేళ్ళ కూతురు. వినికిడి బాగుందని డాక్టరు చెబితేనే పిల్లని చేర్చుకుంటామని బళ్ళో తెగేసి చెప్పారు.

తన పిల్లకి వినపడదంటే ఆవిడ ఒప్పుకోదు. గిన్నె కింద పడితే ఉలిక్కిపడుతుంది. చెప్పిన పనల్లా చేస్తుంది. మాటలే ఇంకా ముద్దముద్దగా ఉన్నాయి. అవే వస్తాయి, తొందరేముంది?

"డాక్టరమ్మ అడిగినవన్నీ టకటకా చెప్పెయ్యాలి. సరేనా బంగారూ?" గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుని అడిగింది.

పిల్ల తలూపింది.

అప్పుడు గమనించింది. ఎదురు బెంచీ మీది మనిషి తన నోటి వంకే చూస్తున్నాడు.

యాభై ఏళ్ళుంటాయి. మడత నలగని చొక్కా, ఒళ్ళో సంచీ. చూపు మాత్రం పెదాల మీంచి కదలడం లేదు.

ఆవిడ మొహం తిప్పుకుంది. కాసేపాగి పిల్లతో మాట్లాడబోతే మళ్ళీ అదే చూపు.

ఒళ్ళు మండింది.

అంతలో అతనే లేచి దగ్గరికొచ్చాడు.

"పాప... మీ నోరు... చూస్తోంది."

మాట ముద్దగా ఉంది. గొంతు పైకీ కిందికీ పోతోంది. పొద్దున్నే తాగొచ్చాడనుకుందావిడ.

నలుగురూ వింటారని గొంతు తగ్గించి, పళ్ళ బిగువున అంది. "చూస్తోంది పాప కాదు, నువ్వు. ఆడవాళ్ళ నోళ్ళు చూడ్డానికి ఆసుపత్రే దొరికిందా? నీ మొహం మళ్ళీ నా బిడ్డ కంటపడితే ఊరుకోను."

అతని మొహం వాడిపోయింది. సంచీ భుజాన వేసుకుని గేటు వైపు నడిచాడు.

లోపల డాక్టరమ్మ ఎదురుగా కూర్చుని బంతి ఏది, పిల్లి ఏది అని బొమ్మలు అడిగింది. పిల్ల అన్నీ చూపించింది. తల్లి ఊపిరి పీల్చుకుంది.

డాక్టరమ్మ నోటికి అట్ట అడ్డం పెట్టుకుని అవే మళ్ళీ అడిగింది.

పిల్ల కదల్లేదు. మెల్లగా పక్కకి వంగి, అట్ట వెనక ఏముందో తొంగి చూసింది.



"ఇంట్లో పాపతో ఎలా మాట్లాడతారమ్మా?"

"నా మిషను మోతలో ఏం వినబడుతుందండీ. మా ఇంట్లో ఎవరైనా ఎదురుగా నిలబడి, గడ్డం పట్టుకుని..."

అంటూనే పిల్ల మొహం వంక చూసింది.

"చప్పుడు వింటుందమ్మా. మాటలో ఏ అక్షరం ఏదో విడదీసి వినలేదు. మిగతాది మీ పెదాల మీద చదువుకుంటోంది. పెదాలు మూసి పలికే ప, బ, మ చూపుకి ఒక్కలాగే ఉంటాయి. అందుకే మూడూ కలిపేస్తోంది."

తల్లి పిల్లని ఒళ్ళోకి లాక్కుంది.

"భయపడకండి. ఇలాంటి పిల్లల్ని తీర్చిదిద్దే మాస్టారు ఒకరున్నారు. ఈ పూటే ఊరు మారిపోతున్నారు. బడివాళ్ళు రాసి పంపిన మీ పాప సంగతి చెబితే, తనతో పాటు అక్కడి బళ్ళో చేర్చుకోవడానికి వీలవుతుందేమో చూస్తానని బండెక్కే ముందు ఇటొచ్చారు. బయట బెంచీ మీదే ఉన్నారు, పిలవండి."

ఆవిడ పరుగెత్తింది.

బెంచీ ఖాళీ. గేటు దగ్గర కాపలా మనిషిని అడిగితే, సంచీ ఆయన ఇందాకే బస్సెక్కేశాడని చెప్పాడు.

వెనకే డాక్టరమ్మ వచ్చి ఏమైందని అడిగింది.

"తెలియక నాలుగు మాటలన్నానండీ," అంది తల్లి నేల చూస్తూ. "గొంతు తగ్గించే అన్నాను. సగమైనా వినపడి ఉండవులెండి."

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఆయనకి పుట్టుచెవుడమ్మా, కానీ ఎదుటివాళ్ళ పెదాలు కదిలితే ఒక్క మాట కూడా పోనివ్వరు."

ఇది రాసింది పొట్టి పిన్ని, డెబ్బై ఒక్క ఏళ్ళు. ఇప్పుడుంటున్నది చిన్నకూతురి ఇంట్లో, మేడమీది గదిలో.