సేటు గారి గడ్డి బండి

గడ్డి బండి టైరులో మళ్లీ గాలి పోయింది.

శ్రీపాదరావు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. పంచె ఎగ్గట్టి గెస్టుహౌసు చుట్టూ తిరిగాడు. తోటమాలి లక్ష్మన్నను తిట్టాడు. టైరును తిట్టాడు. తిట్టడానికి ఇంకేమీ దొరక్క ఆదోని ఎండను కూడా తిట్టాడు.

ఆయన అక్కడి దూది మిల్లుకు మేనేజరు. మిల్లు సేటు ఉండేది బొంబాయిలో. ఆ మధ్య విదేశాలు తిరిగొస్తూ, మీద కూర్చుని నడిపే గడ్డి కోత యంత్రం ఒకటి కొనుక్కొచ్చి గెస్టుహౌసుకు పంపాడు. చూడ్డానికి ట్రాక్టరుకు పుట్టిన పిల్లలా ఉంటుంది. ఊళ్లో దాన్ని గడ్డి బండి అన్నారు.

అంతకుముందు గెస్టుహౌసు లానులో గరిక కోసే పని సుంకమ్మది. కొడవలితో నున్నగా కోసి, మోపు కట్టి తన గేదెకు వేసేది. ఆ పాలు మేనేజరు ఇంటితో సహా నాలుగిళ్లకు పోసి బతికేది. ఎండాకాలంలో బావి నీళ్లు పారే ఆ లాను తప్ప దరిదాపుల్లో పచ్చి పరక దొరకదు. బండి వచ్చాక ఆ గరికంతా పొట్టు పొట్టయి మట్టిలో కలిసిపోతోంది.

"మా ఎనుము యేం తినల్ల సామీ? పస్తు పెడితే పాలు యాడనుంచి వస్తాయి?" అని సుంకమ్మ మొత్తుకుంది.

"నన్నేం చెయ్యమంటావు? సేటు మాట. ఆయన్నే అడుగు పో," అన్నాడు శ్రీపాదరావు.

"సేటు యాడ, నేను యాడ!"

అయితే బండి పడుకున్నప్పుడల్లా సుంకమ్మ కొడవలికి పని దొరికేది. అందుకని అందరి కళ్లూ ఆమె మీదే పడ్డాయి.

"నీ పనేనా?" అని శ్రీపాదరావు నలుగురిలో నిలదీశాడు.

"సుంకులమ్మ తల్లి మీద ఒట్టు సామీ! ఆ బండి దగ్గరికి గూడా పోల్యా."

ఎమ్మిగనూరు రోడ్డులో పంచరు షాపు పెట్టుకున్న హనుమన్న వచ్చాడు. టైరు విప్పాడు. ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలు వచ్చిన చోట గీకి, సొల్యూషన్ పూసి అతుకు వేశాడు.

"ఈ కంపముల్లు సూడండి సార్. ఎంత పొడుగుండాదో!"

"ఊరంతా కంపే కదప్పా," అని శ్రీపాదరావు తల పట్టుకున్నాడు.

అతుకు మీద అతుకు పడింది. బొంబాయి నుంచి కొత్త టైర్లు వచ్చాయి. టెంకాయ కొట్టి ఎక్కించారు. వారం తిరక్కుండా అవీ చప్పబడ్డాయి. శ్రీపాదరావు పట్టుదలగా బండిని షెడ్డులో పెట్టి తాళం వేసి, తాళంచెవి జంధ్యానికి కట్టుకున్నాడు. తెల్లారి చూస్తే టైర్లు నేలకు కరుచుకుని ఉన్నాయి.

"ఇది దయ్యం సేష్ట సార్. కోడిని కొయ్యల్ల," అన్నాడు లక్ష్మన్న.

"నా ముందర కోడి మాటెత్తుతావా!" అని శ్రీపాదరావు ఇంతెత్తున లేచాడు.

ఇంతలో బొంబాయి నుంచి ట్రంకాల్. "ఆదివారం వస్తున్నా. బండి నేనే నడుపుతా. అది కదలకపోతే నువ్వు ఇంటికి కదులు," అన్నాడు సేటు.

హనుమన్నకు అప్పుడొచ్చింది ఆలోచన. "గాలుంటే కదా సార్ పోయేది? దూది కూరుదాం. మన మిల్లులో చెత్త దూదికి కరువా?"

శ్రీపాదరావు చొక్కా జేబు తడుముకున్నాడు. "కంపెనీవాళ్లు గాలి కొట్టమన్నారు కదప్పా?" అన్నాడు.

"ఆదోని దూది వాళ్లకు యాడ దొరుకుతాది సార్?"

మిల్లు కూలీలంతా చేరి కేరింతలు కొడుతూ టైర్లలో దూది కూరారు. బండి కదిలింది. లక్ష్మన్న ముల్లు తెచ్చి కసి తీరా గుచ్చి చూశాడు. బండికి చీమ కుట్టినట్టయినా లేదు.

గోడ వారన కూర్చున్న సుంకమ్మ కళ్లు తుడుచుకుంది. "ఇంగ నా ఎనుమును సంతకు తోలల్సిందే సామీ," అంది.  ఆ పూట శ్రీపాదరావుకు అన్నం సయించలేదు.

శనివారం సాయంత్రం లక్ష్మన్నను పిలిచాడు. "సేటు వచ్చేసరికి లాను నిగనిగలాడాలి. మోటరెయ్యి. బాగా పారించు."

"సాలు సార్, వరిమడి అయితాండాది."

"ఇంకా పారించు."

ఆదివారం సేటు తెల్లటి లాల్చీలో దిగాడు. మెడలో దండతో బండెక్కాడు. సగం చుట్టు బాగానే తిరిగాడు. ఆ తర్వాత ముళ్ల కంతల్లోంచి నీళ్లు పీల్చుకుని టైర్లలో దూది బరువెక్కింది. బండి బురదలో కూరుకుపోయింది. సేటు కోపం కొద్దీ ఇంజను వేగం పెంచాడు. చక్రాలు గిర్రున తిరిగి, లాల్చీ నుంచి మీసాల దాకా బురద చిమ్మింది. దిగబోతే ఒక బూటు బురదలోనే ఉండిపోయింది.

"దీన్ని ఇవాళే లారీలో వేసి పూనా బంగళాకు తోలెయ్యి! ఈ ఊరికి కొడవలే గతి!" అని అరిచాడు సేటు.

"చిత్తం సార్. మా దురదృష్టం," అని శ్రీపాదరావు తల దించుకున్నాడు.

మేనేజరు ఉద్యోగానికి నూకలు చెల్లాయనే అందరూ అనుకున్నారు. ఒళ్లు కడుక్కునే తొందరలో సేటుకు ఆ మాటే గుర్తు రాలేదు.

మర్నాటి నుంచి సుంకమ్మ మళ్లీ కొడవలి పట్టింది.

వారం గడిచాక, సుంకమ్మ పోసిన పాలతో భార్య ఇందిరాబాయి చిక్కగా కలిపిచ్చిన కాఫీ గుక్కెడు తాగి, హాయిగా కళ్లు మూసి తెరిచి, శ్రీపాదరావు చొక్కా జేబులో మిగిలిపోయిన కంపముళ్లు తీసి పొయ్యిలో పడేశాడు.