ఏరు మోసిన మట్టి

“ఆ సీసా కింద పెట్టండి పెద్దాయనా,” అంది బెర్మెట్, మోకాళ్ల లోతు నీళ్లలోంచి.

మామాసలీ సీసా మూత తిప్పి, అందులోని బురదనీళ్లు తాపీగా రాళ్ల మీద ఒంపేశాడు. రెండోది చేతిలోకి తీసుకున్నాడు.

“మూడు రోజుల పని అది.”

“ఏరు మాది, నీళ్లు మావి. మధ్యలో నీ పనేంటి?”

“మీ కొండ మీంచి ఏడాదికి ఎంత మట్టి ఏట్లో కలుస్తోందో చూస్తున్నాను. ఏరు కొండ పాదాన్ని తొలిచేస్తుంటే మీరు దాని కింద ఉండకూడదు.”

“చూసేదేముంది? ముందే రాసుకొచ్చావు. మా గొర్రెలు కొండని మేసేశాయంటావు, మమ్మల్ని తోలేస్తావు.”

“కొలవకుండా నేనేదీ రాయను.”

“పట్నంవాళ్లందరూ మొదట అదే అంటారు,” అంటూ రెండో సీసా కూడా ఒంపేశాడు.

బెర్మెట్ రాజధాని బిష్కెక్ నుంచి వచ్చిన భూగోళ శాస్త్రవేత్త. ఇరవై ఏళ్లుగా ఆమె పని నదులు మోసే ఒండ్రును తూచడమే. మామాసలీ వాళ్ల ఊరు సారిజార్‌లో ముప్పై నాలుగు ఇళ్లు. వాటి నెత్తిన పచ్చని మట్టికొండ. ఆ కొండ వాలులోనే మామాసలీ ఆప్రికాట్ తోట, ఆయన భార్య సమాధి.

ఊళ్లో ఆమెకు ఎవరూ గది ఇవ్వలేదు. బడిలో ఒక మూల పడుకునేది. రొట్టె అడిగితే అయిపోయిందనేవాళ్లు, పొయ్యి మీంచి వాసన వస్తూండగానే. మట్టి ఎంత కోసుకుపోతోందో తెలియడానికి వాలులో పాతిన ఇనుప చువ్వల్ని ఎవరో పీకేసేవాళ్లు. ఆమె మళ్లీ పాతేది. అవీ పీకేసేవాళ్లు. మళ్లీ పాతేది.

“పట్టుదల బాగానే ఉంది దీనికి,” అన్నాడొకసారి మామాసలీ, ఆమె వినేలా. “మా ఆడ గాడిద కూడా ఇలాగే ఉండేది. అమ్మేశాం.”

“మంచి గాడిదని పోగొట్టుకున్నారు,” అంది బెర్మెట్, సుత్తి ఆపకుండా.

అక్టోబరులో బడి ముందు ఊరంతా చేరింది. కొలతలు పూర్తికావడానికి ఇంకో నెల పడుతుందని ఆమె చెప్పబోతోంది. మామాసలీ లేచాడు. ఏటి ఒడ్డు నుంచి తెచ్చిన తడిమట్టి ముద్ద ఆమె ముఖాన కొట్టాడు.

“ఇదిగో నీక్కావలసిన మట్టి. తూచుకో.”

ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. కళ్లలో పడిన మట్టిని ఆమె చేతుల్తోనే తుడుచుకుంది. ఒక్కరూ తుండుగుడ్డ అందించలేదు.

నెల తిరిగాక నివేదిక జిల్లాకు వెళ్లింది. ఏడాదికి ముప్పై వేల టన్నుల మట్టి కొట్టుకుపోతోందని, కొండ ఎక్కువ కాలం నిలవదని అందులో ఉంది. ఊరు ఖాళీ చేయాలని ఉత్తర్వు వచ్చింది. దిగువ మైదానంలో రేకుల ఇళ్లు ఇచ్చారు. మామాసలీ గడప మీంచి లేవకపోతే ఇద్దరు పోలీసులు మోసుకెళ్లి ట్రక్కులో కూర్చోబెట్టారు. సామాను తరలింపు చూడ్డానికి వచ్చిన బెర్మెట్ అక్కడే నిలబడి ఉంది.

“డెబ్భై ఏళ్లు తవ్వాను ఆ మట్టిని,” అన్నాడాయన ట్రక్కు మీంచి. “నువ్వు రాసింది అబద్ధం. అది నీకూ తెలుసు.”

ఆమె చేతిలోని కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది.

ఏప్రిల్‌లో, కరుగుతున్న మంచు మీద మూడు రోజులు వాన కురిసింది. నాలుగో రోజు మధ్యాహ్నం కొండ సగానికి విరిగి కిందికి వచ్చింది. బడి, తోట, సమాధులు, ముప్పై నాలుగు ఇళ్లు అన్నీ మట్టి కిందికి పోయాయి. మనిషన్నవాడు ఒక్కడూ అక్కడ లేడు.

మే నెలలో మామాసలీ, కోడలు జిపార్‌ను వెంటబెట్టుకుని బిష్కెక్ వచ్చాడు. విశ్వవిద్యాలయంలో బెర్మెట్ గది వెతుక్కుని, ఇంట్లో కాల్చిన రొట్టెల మూట ఆమె బల్ల మీద పెట్టాడు.

“నా భార్య సమాధి పోయింది,” అన్నాడు. “మనవలు ఐదుగురూ ఉన్నారు. నీ వల్లే ఉన్నారు. నీ ముఖాన మట్టి కొట్టిన చెయ్యి ఇది. ఏం చేస్తావో చెయ్యి.”

“ఊరుకోండి పెద్దాయనా.”

“మామయ్య దారంతా ఏడుస్తూనే ఉన్నాడక్కా,” అంది జిపార్.

“ఇంకో మాట,” అన్నాడు మామాసలీ. “కొత్త ఊరి పక్కన కూడా ఒక గుట్ట ఉంది. జిల్లావాళ్లు భయం లేదంటున్నారు. నేను నమ్మను. నువ్వొచ్చి కొలువు. నువ్వు అంకె వేసి ఇస్తే పిల్లల్ని నిశ్చింతగా పడుకోబెట్టుకుంటాం.”

బెర్మెట్ కిటికీ వైపు తిరిగింది.

“ఇంకా కోపమేనా నా మీద?”

“లేదు,” అంది, అటే చూస్తూ.

ముసలాయన రెండు చేతులూ ఎత్తి ఆమె కోసం దువా చేసి, కోడలి భుజం పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

నివేదికలోని ఆ ముప్పై వేలలో ఒక సున్నా ఆమె కసితో చేర్చింది.