కొత్తరేవు తామర

కొత్తరేవును సముద్రం మింగేశాక నూకరత్నానికి హైదరాబాద్‌లో ఇరవయ్యో అంతస్తులో ఒక గది ఇచ్చారు. అక్కడ ఆమెను పలకరించేది బాత్రూమ్ అద్దం ఒక్కటే. ప్రతి ఇంట్లోనూ ఉండే ఆ అద్దం ఒళ్ళు చూసి, జబ్బు ఏ ఊరిదో చెప్పి, మందు తెప్పిస్తుంది.

"మీ నడుం మీద తామర ఉందండి. ఈ రకం కొత్తరేవుది," అంది మొదటి రోజే.

రేవులో చేపలు ఏరే ఆడవాళ్ళంతా తడిసిన లంగా బొందునే బిగించి కట్టుకునేవారు. అందరికీ ఆ బొందు కిందే దురద. జట్టుగా కూర్చుని గోక్కుంటూ నవ్వుకునేవారు.

"ఇంకెవరికన్నా ఉందేటి?" అని అడిగింది నూకరత్నం.

"వరంగల్‌లో ఒకావిడకి ఉందండి. పేరు చెప్పకూడదు."

ఆ చుట్టరికం తెగిపోతుందని ఆమె మందు ముట్టుకోలేదు. రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి వరంగల్ ఆవిడ కబురు అడిగేది.

ఇవాళా అడిగింది. "ఆవిడికెలాగుంది?"

"పూర్తిగా నయమైందండి. ఇప్పుడిది మీ ఒక్కరికే ఉంది. మందు రాసుకుంటే మీకూ పోతుంది."

నూకరత్నం కుళాయి తిప్పి, లంగా బొందు తడిపి, నడుముకు బిగించి కట్టుకుంది.