రుచి చూసేవాడి ఇల్లు

ఆ ఉదయం ఆకాశం మబ్బు పట్టింది గానీ చినుకు రాలలేదు. రేవు గోదాములో, ఓడ దిగిన బూర్బన్ విస్కీ పీపాలను రుచి చూసే పెంచలయ్యను ఇక పనికి రావద్దన్నారు. రై అనే ధాన్యం వాటా ఎక్కువైతే ఆ విస్కీ నాలుక చివర మిరియంలా కుడుతుంది. రై ఎంత కలిసిందో చెప్పే యంత్రపు నాలుక ఇప్పుడు ప్రతి పీపా మూతలోనూ ఉంటోంది.

నాలుక మొద్దుబారకూడదని పెంచలయ్య ఇరవై ఏళ్లుగా కారం ముట్టలేదు. గుంటూరు మిరపచేలల్లో పెరిగిన భార్య అంకమ్మ, రెండు కూరలెందుకని తానూ చప్పిడి కూడే తిన్నది.

"ఇంకేందే, ఈ పూట నీ ఇష్టమొచ్చినంత కారం ఎయ్యి," అన్నాడు పెంచలయ్య ఇంటికొచ్చి.

"తట్టుకునే దమ్ముండాదా నీకు?" అని నవ్వి, ఆమె పండుమిరప పచ్చడి నూరింది.

తొలి ముద్దకే అంకమ్మకు పొలమారింది. చెంబెడు నీళ్లు తాగినా మంట తగ్గలేదు.

"నా నోరూ నీ నోరే అయిపోయిందయ్యా!"

"నీకేం తినాలనుందో ఒక్కనాడన్నా అడక్కపోతినే," అన్నాడు పెంచలయ్య.

ఆమె పచ్చడి గిన్నె పక్కకు జరిపి రెండు కంచాల్లోనూ పెరుగు పోసింది. ఇద్దరూ తలలు వంచుకుని తిన్నారు.