ఊడని బంపరు

"ఆ వెల్డింగు ఆపు. నువ్వు చేసేది బంపరు కాదు, నీ చావుకి నువ్వు చేసుకుంటున్న ఏర్పాటు!" అన్నాడు అన్న.

తమ్ముడు ముఖం మీది మాస్కు ఎత్తనైనా ఎత్తలేదు. "నిన్నెవడూ అడగలేదు" అని లోపలి నుంచే గొణిగి, నిప్పురవ్వలు అన్న కాళ్ళ మీద పడేలా కావాలనే ఇటు తిరిగాడు.

పై వాటా అన్నది, కింద వాటా తమ్ముడిది. వాకిలి ఒక్కటే కాబట్టి ముఖాలు చూసుకోక తప్పదు గానీ, లేకపోతే ఆ పాటి మాటలు కూడా ఉండేవి కావు. తిట్టుకోవాల్సి వచ్చినప్పుడే ఇద్దరికీ నోళ్ళు లేస్తాయి.

మర్నాడు పొద్దున్నే కొండమీద టవరు కట్టేవాళ్ళు తమ్ముడి జీపు చూడ్డానికి వస్తున్నారు. బురదలో దిగబడితే తాడు చుట్టుకుంటూ తనను తనే లాక్కునే వించి ఉన్న బండికే పని ఇస్తామన్నారు. ఎక్కడో సెకండ్ హ్యాండు వించి సంపాదించాడు. దాన్ని మోసే గట్టి బంపరు కొనే స్తోమత లేదు. అందుకే ఫోనులో వీడియోలు చూసుకుంటూ, దొరికిన లావుపాటి ఇనప ఛానెల్ని కోసి, తనే అతికి, నల్లరంగు కొడుతున్నాడు. ఈ పని దక్కకపోతే జీపూ తనూ ఇద్దరూ ఇంట్లో కూర్చోవాల్సిందే.

"అతుకులు చూడు, కోడి గీకినట్టున్నాయి" అన్నాడు అన్న. ఆయన వర్క్‌షాపులో ఫిట్టరు.

"నువ్వు ఇన్నేళ్ళూ వర్క్‌షాపులో ఊడబొడిచిందేంటో నాకు తెలీదా?"

"ఛానెల్ మాత్రం బాగుంది. ఎక్కడిది?"

"నీకెందుకు? నీ జేబులోంచి తీయలేదులే."

"ఏవండీ!" పై నుంచి వదిన కేకేసింది. "మెకానిక్కు మోటారు బాగుచేసి బిగించి వెళ్ళాడు. వేస్తున్నా. ట్యాంకు ఎండిపోయి బిందెలు మోయలేక నడుం పడిపోయింది."

"వెయ్యి, వెయ్యి" అన్నాడు అన్న, తల తిప్పకుండా.

వాకిట్లో పొడుగాటి ఇనప స్టాండు మీద ఉంది ఆ ట్యాంకు. జీపు ఎప్పుడూ నిలిచేది దాని నీడలోనే. అన్న కడుపుమంటంతా ఆ చోటు మీదే.

"పందెం కాస్తావా?" అన్నాడు అన్న. "ఆ మొద్దుకి కట్టి లాగు. బంపరు ఊడితే జీపుని పాత ఇనుము వాడికి ఇచ్చేసి వాకిలి ఖాళీ చెయ్యి."

"ఊడకపోతే?"

"నీ జీపు గురించి ఈ జన్మలో నోరెత్తను."

"ఆ మాట మీదుండు. నోరెత్తావో, అన్నవని కూడా చూడను."

వాకిలి చివర, గొడ్డళ్ళకీ గడ్డపారలకీ లొంగని పాత చెట్టు మొద్దు ఒకటుంది. తమ్ముడు బంపరు బిగించి, జీపుని దాని ఎదురుగా నిలబెట్టి, చక్రాలకి రాళ్ళు అడ్డంపెట్టి, కొక్కెం తగిలించాడు. వించి తిరిగింది. తాడు బిగిసింది. బంపరు కిర్రుమంది. అన్న ముఖం వెలిగిపోయింది. అంతలోనే మొద్దు వేళ్ళతో సహా పెకలి వచ్చి, బంపరుని రాసుకుంటూ పడింది. నల్లరంగు కాస్త లేచిపోయిందంతే.

తమ్ముడు ఈల వేశాడు. జీపుని వెనక్కి పోనిచ్చి, సరిగ్గా ట్యాంకు కింద ఆపి, దిగి బానెట్టు మీద ఒక్క చరుపు చరిచాడు. "ఇక ఇదే దీని చోటు. ఏమన్నా అంటావా?"

అన్న బంపరు ముందు గొంతుక్కూర్చున్నాడు. ఒక్క పగులన్నా కనబడకపోతుందా అని వెతికాడు. లేదు. రంగు లేచిన చోట మాత్రం కింద ఆకుపచ్చ రంగు కనిపించింది. పై వాటా గ్రిల్లుకి వేయగా మిగిలితే తను చేతులారా పూసిన రంగు.

"ఒరేయ్, ఈ ఛానెల్..."

"నోరు!" అన్నాడు తమ్ముడు.

"అది కాదురా, ఇది నువ్వెక్కడ..."

"నోరెత్తనన్నావు! సిగ్గుంటే మాట మీదుండు."

"జీపు గురించి కాదురా వెధవా! ఛానెల్ ఎక్కడ తీశావో చెప్పు!"

ఓడినవాడి ఉడుకుమోత్తనం చూసి తమ్ముడికి నవ్వొచ్చింది. "స్టాండు వెనకాల, గోడ పక్కన. ఊరికే ఉంటే తెచ్చుకున్నా. నీదా? పోయి కేసు పెట్టుకో."

"పడి ఉందా, నిలబెట్టి ఉందా?"

"నిలబెట్టే ఉంది. కొంచెం బిగుసుకుపోయుంటే సుత్తితో నాలుగు దెబ్బలు..." తమ్ముడి నవ్వు ఆగిపోయింది. మెల్లగా తలెత్తి పైకి చూశాడు.

"స్టాండు వెనక కాలుని తుప్పు తినేస్తే, ఆసరాగా నేనే దిగ్గొట్టానురా!"

"ఏవండీ, ట్యాంకు నిండిపోయింది!" పై నుంచి వదిన సంబరంగా కేకేసింది.

అన్న తమ్ముడి చొక్కా పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. కొట్టడానికే అనుకుని తమ్ముడు చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి దించకముందే స్టాండూ ట్యాంకూ కలిసి జీపు మీద కూలాయి.

నీళ్ళు ఇద్దరినీ తడిపి వీధిలోకి పోయాయి. జీపు అప్పడంలా అణిగిపోయింది. అన్న ఏదో అనబోయి, పందెం గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

బంపరు మాత్రం ఊడలేదు.