లెన్సుకు నీడ పట్టినాయన

"అరె, మళ్ల గట్లనే వచ్చింది!"

కెమెరా వెనక తెర చూసుకొని బాలేష్ తల పట్టుకున్నడు.

అలియాబాద్‌ల చర్చి ముంగట పెండ్లి. స్టేజీ తూర్పు దిక్కు ముఖం పెట్టి ఉన్నది. సాయంత్రం నాలుగైంది. పెండ్లిపిల్ల కెజియా తల మీదికెళ్లి ఎండ సక్కగ వచ్చి లెన్స్‌లనే కొడుతున్నది.

మేడ్చల్‌ల స్టూడియో తెరిచినంక బాలేష్‌కు దొరికిన మొదటి పెండ్లి ఇదే. గీ ఫోటోలు చెడిపోతే ఇగ షట్టర్ దించుకొని ఇంటికి పోవుడే.

ఉన్న లెన్స్ ఒక్కటే. ముప్పై ఏండ్ల కిందటి జపాన్ జూమ్. అగ్గువకు దొరికిందని కొని, రింగు బిగించి కొత్త కెమెరాకు తగిలించిండు.

మంచిదే పాపం. ఇనుము లెక్క గట్టిగుంటది. ఎంత దూరమున్నోళ్లనైనా దగ్గరికి తెస్తది. మొఖాలు మెత్తగ, మస్తు అందంగ తీస్తది. ఎదురుంగ వెలుగు పడ్డదా, ఇగ అంతే సంగతి. బొమ్మంత పాలనీళ్లయితది.

"నేను అడ్డం పట్టాల్నా బిడ్డా?"

పక్కన ఒకాయన నిలబడ్డడు. యాభై దాటినట్టున్నడు. మాసిన తెల్లంగి, చేతుల నల్ల గొడుగు. టెంట్ హౌసోళ్ల మనిషి అనుకున్నడు బాలేష్.

"పట్టు కాకా, పట్టు! నీకు పుణ్యముంటది."

నీడ పడంగనే బొమ్మ తేటగైంది. బాలేష్‌కు పానం లేసొచ్చింది.

"జరుగకు కాకా. లెన్స్ మీదనే ఉండాలె నీడ."

"జరుగ."

అన్నట్టే గంటన్నర జరుగలేదు. చేతులు మార్చుకున్నడు గని ఒక్కపారి తప్ప గొడుగు దించలేదు.

"గంత దూరముంది గదా పిల్ల. గిండ్ల దగ్గరికొస్తదా?"

"పక్కకు పోయి నిలబడి చూసినట్టే ఉంటది."

"నన్నొక్కపారి సూడనిస్తవా?"

పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టిండు. అందరు కండ్లు మూసుకొని తలలు వంచుకున్నరు. ఎట్లాగూ ఇప్పుడు తీసేదేం లేదని బాలేష్ కెమెరా చేతికిచ్చిండు.

ఆయన చూసిండు. చూస్తనే ఉన్నడు.

"చెవి కింద మచ్చ గూడ కనవడ్తంది బిడ్డా!"

"లెన్స్ అంటే ఏమనుకున్నవ్ మరి! తే కాకా, ప్రార్థన అయిపోవట్టె."

ఆమెన్ అనంగనే పిల్ల కండ్లు తెరిచింది. అప్పటి సంది బాలేష్‌కు ఇంకో పరేషాన్. ఎన్నిసార్లు చెప్పినా ఆమె చూపు లెన్స్ పక్కకే పోతున్నది.

"చెల్లె, నా దిక్కు చూడు! జర నవ్వు!"

నవ్విందాయె గని చూపు మారలేదు.

నడుమల పిల్ల మేనమామ యాకోబు వచ్చిండు. కెజియాను చెయ్యి పట్టుకొని స్టేజీ మీదికి తోలుకొచ్చింది ఆయనే.

"ఫోటోలు మంచిగొస్తున్నయా తమ్మీ?"

అంతలనే గొడుగు కిందికి దిగింది. ఎండ మళ్ల లెన్స్‌ల పడ్డది.

"ఏంది కాకా, నీడ పాయె!"

యాకోబు అటు పోయినంక గొడుగు పైకి లేసింది.

"గాలికి బిడ్డా."

గాలి ఏడున్నది! ఆకు గూడ కదుల్తలేదు. పని గాబరాల బాలేష్‌కు అదేం పట్టలేదు.

"నాదొక్కటి తీస్తవా బిడ్డా? వెనకాల పిల్ల కనవడేటట్టు."

"గీ లెన్స్‌కు పక్కనున్నోళ్లు దొరకరు కాకా. ఆరేడు అడుగులు అవతల నిలబడాలె. నువ్వు అటు పోతే గొడుగెవడు పడతడు? అయినంక తీస్త తియ్యి."

"సరే. నీ పని కానియ్యి."

కేక్ కోసిండ్రు. పొద్దు చెట్ల వెనకకు దిగింది. నీడతోని పని లేకుండైంది. చుట్టాలందరిని నిలబెట్టి గ్రూపు ఫోటోలు తీసి, మళ్ల తిరిగి చూసేసరికి ఆయన లేడు.

బువ్వకు పోయిండేమో అనుకొని బాలేష్ గూడ ప్లేటు అందుకున్నడు. పేరు గూడ అడుగలేదు.

ఫోటోలు చూసి ఊరంత మెచ్చుకున్నది. షామీర్‌పేట నుంచి ఇంకో రెండు పెండ్లిళ్లు వచ్చినయి.

మూడు నెలలైనంక ఒకనాడు పొద్దుగాల కెజియా స్టూడియోకు వచ్చింది. ఏడ్చి ఏడ్చి కండ్లు ఉబ్బినయి.

"అన్నా, మా పెండ్లిల నీ పక్కన గొడుగు పట్టుకొని ఉండె సూడు ఒకాయన. ఆయన ఫోటో ఒక్కటన్న ఉన్నదా?"

బాలేష్ కంప్యూటర్ ముందల కూసున్నడు. తొమ్మిది వందల ఫోటోలు ఒకటి తర్వాత ఒకటి చూసిండు. మళ్ల మొదటి సంది చూసిండు.

"లేదు చెల్లె. నా పక్కనుండె గదా, ముందలికి ఎట్లొస్తడు?"

"అందరి ఫోన్లు చూసిన. ఒకదాంట్ల చెయ్యొక్కటే పడ్డది. ఆధార్ కార్డుది పెద్దగ చేపిస్తే మొఖమే తెలుస్తలేదు."

"ఇప్పుడెందుకు చెల్లె?"

"నిన్న రాత్రి గౌడవెల్లిల పానం పోయింది. నాలుగింటికి మట్టి చేస్తరు. పెట్టె మీద పెట్టనీకె ఫోటో లేదు."

బాలేష్ కుర్చీల నుంచి లేసిండు. చెప్పకుంటే ఏమైతుండె! ఉండబట్టక చెప్పిండు.

"అడిగిండు చెల్లె. నాదొక్కటి తియ్యమని నోరు తెరిచి అడిగిండు. నేనే తియ్యలే."

"అడిగిండా?"

కెజియా బల్ల మీద కూలబడి చున్నీ మొఖానికి అడ్డం పెట్టుకున్నది. సిగ్గుతోని బాలేష్ తల ఎత్తలేకపోయిండు.

"ఎవలు చెల్లె ఆయన? టెంట్ హౌసాయన అనుకున్న."

"అమ్మ పోయినంక తాగుడుకు బడ్డడని మా మామ నన్ను తోలుకొచ్చి పెంచిండు. తాగుడు బందుపెట్టి మూడేండ్లయినా పెండ్లికి పిలువనియ్యలేదు," అన్నది కెజియా, "పిలువకున్నా వచ్చిండు, మా బాపు."